సోలెడు చింతగింజలు, రాలని తెలుపు

సీతారత్నం మొట్టమొదట సాధించింది తెలుపు. అట్లాంటిట్లాంటి తెలుపు కాదు. తడి బొటనవేలితో రుద్దినా వేలికి అంటని తెలుపు, చెంబుడు నీళ్ళు కుమ్మరించినా చెక్కను వదలని తెలుపు. ఏడుసార్లు పిండి రాలినట్టు రాలిపోయి, ఎనిమిదోసారి నిలబడింది. పంతొమ్మిది వందల యాభైయేడు మార్చి పదమూడో తేదీ, బుధవారం, పగలు పన్నెండు గంటలకు, మార్కాపురం బజారులో జగన్నాథం పచారి దుకాణం వెనక వసారాలో. తేదీ, వారం, గంట అన్నీ ఎందుకు చెప్పాల్సి వస్తుందంటే, ఇట్లాంటి పని చేసిన మనిషిని మన తాలూకాలో అంతకు ముందు ఎవరూ చూడలేదు గనుక.

ఆమె పుట్టిల్లు పొదిలి. నాయన పుల్లారావు అక్కడ చిల్లర అంగడి నడుపుకుంటూ పొద్దునపూట వీధిబడి చెప్పేవాడు. ఆ బడిలో ఆడపిల్ల ఆమె ఒక్కతే. చదివింది అయిదో తరగతే గానీ, నాయన దగ్గర ఇంకో విద్య నేర్చుకుంది. తాటాకుల మీద గంటంతో గీకిన పాత రాతను చదవడం. ఆ రాతలో మాటకూ మాటకూ నడుమ ఎడం ఉండదు, వాక్యం ఎక్కడ ఆగిందో గుర్తు ఉండదు. చదివేవాళ్ళే నోట్లో పలుక్కుంటూ, ఇక్కడ విరుగుతుంది, ఇక్కడ అతుకుతుంది అని పట్టుకోవాల. పదేండ్లకే ఆమె ఆ రాతను గుక్క తిప్పుకోకుండా చదివేది. పద్నాలుగో ఏట జగన్నాథాన్ని పెళ్ళాడి మార్కాపురం వచ్చినాక ఆ విద్యకు పని లేకుండా పోయింది. ముప్పై నాలుగో ఏట మళ్ళీ పని పడింది. ఆ కథ ఇది.

జగన్నాథం దుకాణం తాతల నాటిది. కరక్కాయ, పిప్పళ్ళు, గుగ్గిలం, నీలిమందు, సుద్ద, వెలగబంక, ఏది అడిగినా చెయ్యి చాపినంత దూరంలో ఉండేది. తాత కాలంలో రాచర్ల నుంచి యల్లయ్య అనే రంగులపనివాడు వచ్చి, వానాకాలమంతా దుకాణం వెనక వసారాలోనే ఉండి రంగులు నూరుకునేవాడట. ఈ చుట్టుపట్ల చాలా గుళ్ళలో ఊరేగింపు చెక్క వాహనాలకు రంగులు పూసింది ఆయనే. ఆయన పోయినాక ఆయన తాటాకుల కట్ట ఒకటి అటక మీద మిగిలిపోయింది. దసరాకు ఆయుధపూజ నాడు త్రాసు, తూకం రాళ్ళు, సోల, మానికలతో పాటు దానికి కూడా పసుపు పూసి కుంకుమ పెట్టేవాళ్ళు. డెబ్బై ఏండ్లు అట్ల పూజలు అందుకుంటా వచ్చిందే గానీ, ఆ కట్ట ముడి విప్పిన మనిషి లేడు.

యాభైయారు దసరా నాడు సీతారత్నం అడగనే అడిగింది.

"అత్తా, ఇందులో ఏముందో ఎప్పుడన్నా చూసినారా?"

అత్త తులసమ్మ కుంకుమ చేత్తోనే నుదురు కొట్టుకుంది. "పూజ చేసేదాన్ని విప్పి చూస్తారా ఎవరన్నా? అట్లయితే పోయి గుళ్ళో స్వామి కిరీటం కింద ఏముందో కూడా చూసిరా!"

"కిరీటం కింద తల ఉంటది. దీని కింద రాత ఉంది కదత్తా."

పండగ వెళ్ళినాక తులసమ్మ నిద్రపోయే మధ్యాహ్నం చూసుకుని ఆమె ముడి విప్పింది. ఇరవై రెండు ఆకులు. నాలుగు ఆకులను చెదలు తిన్నాయి. గీతలు కంటికి ఆనడం లేదు. నాయన నేర్పిన పద్ధతిలోనే దీపం మసిని ఆముదంలో కలిపి ఆకు మీద రుద్ది, మెత్తటి గుడ్డతో తుడిచింది. గీతల్లో మసి నిలిచిపోయి అక్షరాలు నల్లచీమల బారు మాదిరి పైకి లేచినాయి. మొదట చదివిన మాట "చింతగింజలు". పులుసుకు గింజలెందుకు అని నవ్వుకుంది. తర్వాత మాట "సుద్ద". ఆ తర్వాత "కొనకనమిట్ల సీమ హనుమంత వాహనమునకు ముందు తెలుపు" అని ఉంది. అక్కడ నవ్వు ఆగిపోయింది.

ఇవి పద్యాలు కావు, శాస్త్రాలు కావు. ఏ రంగు ఎట్ల చెయ్యాలో యల్లయ్య తన చేతులతో చేసి రాసిపెట్టుకున్న సంగతులు. ఆ నెలాఖరుకు ఆమె పదకొండు ఆకులు చదివేసింది. నవంబరు ఒకటిన కొత్త రాష్ట్రం వచ్చిందని బజారంతా మామిడాకు తోరణాలు కట్టి పిల్లలకు బెల్లం పంచుతుంటే, ఆమె పన్నెండో ఆకు మీద మసి రుద్దుతూ ఉంది.

మాఘమాసంలో ఒక పొద్దున కొనకనమిట్ల పక్క పల్లె నుంచి లక్ష్మీనరసయ్య దుకాణానికి వచ్చినాడు. పెద్ద రైతు, వాళ్ళ ఊరి ఆంజనేయస్వామి గుడికి ధర్మకర్త.

"జగన్నాథం, చాకలిసోడా రెండు వీసెలు కట్టు."

"రెండు వీసెలా! ఊరందరి గుడ్డలూ నువ్వే ఉతుకుతావా ఏంది పెద్దాయనా?"

"గుడ్డలు కాదబ్బా, హనుమంతుణ్ణే ఉతకాల. వాహనం పెచ్చులు పెచ్చులు లేచిపోయింది. సోడానీళ్ళు పోసి మొత్తం గీకేసి, కర్నూలు నుంచి డబ్బారంగు తెప్పిస్తాం. వైశాఖంలో ఉత్సవానికి కొత్త సైకిల్ మాదిరి మెరవాల!"

వాకిలి అవతల నిలబడి వింటున్న సీతారత్నానికి కాలు నిలవలేదు. ఎప్పుడూ దుకాణం ముందుకు రాని మనిషి తాటాకు చేత్తో పట్టుకుని వచ్చేసింది.

"పెద్దనాయనా, దాన్ని గీకించొద్దు. ఆ వాహనం యల్లయ్య పూసింది. ఎట్ల పూసినాడో ఇందులో ఉంది. రాలిన చోట అదే రంగు నేను చేసి పూస్తా."

లక్ష్మీనరసయ్య ఆకును కిందా మీదా తిప్పి చూసినాడు. "ఏమ్మా, ఇదేమో వాముపొడి కలిపినట్టు చెప్తావు. చేసినావా ఎప్పుడన్నా?"

"చెయ్యలేదు."

"మరి ఏం ధైర్యమమ్మా?"

"చేసినాయన రాసినాడు. చదవడం నాకు వచ్చు."

ఆ మాటకు ఆయన కాసేపు మీసం దువ్వుకున్నాడు. "సరే. ఉగాది లోపల ఒక్క పెచ్చు పూసి చూపించు. నిలిచిందా, గీకించను. రాలిందా, ఇదిగో ఈ సోడా." సోడా మాత్రం కట్టించుకునే పోయినాడు. తీసుకుపోయి గుడి మంటపంలో వాహనం కాళ్ళ దగ్గరే పెట్టించినాడని తర్వాత తెలిసింది.

తెలుపుతోనే ఎందుకు మొదలుపెట్టాలంటే, పైన ఎంత మంచి రంగు పూసినా కింద తెలుపు చెక్కను పట్టుకోకపోతే అంతా కలిసి ఊడుతుంది. యల్లయ్య రాసింది స్పష్టంగానే ఉంది. చింతగింజలు సోలెడు వేయించి, పొట్టు తీసి, మూడు దినములు నానవేసి, నూరి, అంబలి కాచి, అరవీసె సుద్దలో కలిపి, చెక్కకు పూసి, ఆరినాక గవ్వతో మెరుగు పెట్టవలెను. అంతే. చదవడానికి ఊపిరి కూడా అక్కరలేదు. చెయ్యడానికి నెలన్నర పట్టింది.

మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలకు కొదవ లేదు గదా. చట్రాలకు పనికిరాని చెక్కముక్కలు గంపెడు తెప్పించుకుంది. ఒక్కో ముక్క మీద ఒక్కో తెలుపు. ఏ రోజు ఏం చేసిందీ పలక మీద రాసుకునేది. ఓడిపోతే తుడిచేసేది. గెలిస్తేనే నోటుబుక్కులోకి ఎక్కాలని పట్టుదల. నెలన్నర దాకా నోటుబుక్కు మొదటి పేజీ ఆ సుద్ద కంటే తెల్లగా ఉండింది.

మొదటిసారి పూసింది తెల్లవారేసరికి బూడిద మాదిరి రాలింది. గింజలు పాతవేమోనని కొత్తవి తెప్పించింది, రాలింది. నానబెట్టడం నాలుగు రోజులు చేసింది, రాలింది. సుద్దలో ఇసక ఉందేమోనని గిద్దలూరు నుంచి వేరే సుద్ద తెప్పించి, గుడ్డలో వడగట్టి నూరింది. అదీ రాలింది. అంబలి గంటసేపు ఎక్కువ కాచింది. ఇల్లంతా వాసన కొట్టిందే గానీ తెలుపు నిలవలేదు.

తులసమ్మకు మాట దొరికింది. "ఏందమ్మా, హనుమంతుడికి అంబలి నైవేద్యమా? లంక కాల్చినాయన నీ అంబలి వాసనకు పారిపోతాడేమో చూసుకో."

జగన్నాథం భోజనానికి కూర్చున్నప్పుడల్లా చెక్కముక్కలు పక్కకు జరుపుకుని విస్తరి వేసుకునేవాడు. ఏడోది కూడా రాలినప్పుడు మెల్లగా అన్నాడు. "ఆ రాసినాయనే తప్పు రాసినాడేమో సీతా."

"ఆయన పూసింది డెబ్బై ఏండ్లు నిలిచింది. మనం పూసింది ఏడు గంటలు నిలవలేదు. తప్పు ఆకులో లేదు. మన చేతుల్లో యాడనో ఉంది."

ఉగాదికి మూడు వారాలు ఉంది. ఆ సమయంలో వచ్చింది రంగమ్మ. రాచర్ల రైతు ఇంటి మనిషి, మార్కాపురంలో కూతురి ఇంటికి వచ్చినప్పుడల్లా మూటలో ఏదో ఒకటి తెచ్చి దుకాణంలో వేసి పోతుంది. ఆ రోజు తెచ్చింది చింతగింజలే. జగన్నాథం పొదిలి పోయినాడు, కొలిచేది సీతారత్నమే. సోల ముంచింది, అరచేత్తో పైన ఒక్క రాపు రాసింది, డబ్బాలో పోసింది. ముంచింది, రాసింది, పోసింది.

"ఆగు శెట్టెమ్మా, ఆగు!" రంగమ్మ సోల పట్టేసుకుంది. "ఏంది అట్ల తల నరుకుతావు దానికి?"

"సోల కదా రంగమ్మక్కా, అంచుకు సమానంగా..."

"సమానమేంది నా మొగం! అమ్మేదాన్ని నేను. నాకు లేని బాధ నీకేంది? పైన గోపురం నిలవంది సోల ఎట్లయితది? మా రాచర్ల కళ్ళంలో తల కొట్టి కొలిచినోడి మొగం మళ్ళీ ఎవరూ చూడరు. మేము పిసినారి మనుషులమనుకుంటివా?"

సీతారత్నం చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"అక్కా, మీ ఊర్లో అందరూ ఇట్లే కొలుస్తారా?"

"అందరూ అంటే?"

"రైతులు సరే. పనివాళ్ళు?"

"కంసాలి, కుమ్మరి, రంగులోడు, ఎవడైనా ఇదే కొలత. సోలంటే గోపురం సోలే. మీ అంగళ్ళలోనే ఈ తలకొట్టుడు."

ఇక సీతారత్నాన్ని పట్టేవాళ్ళు లేరు! సోల నిండా గోపురం లేచేటట్టు గింజలు పోసింది. ఆ గోపురాన్ని మాత్రం అరచేత్తో పళ్ళెంలోకి తోసింది. తోసిన గింజల్ని గిద్దలో పోసి చూస్తే గిద్ద నిండింది. నాలుగు గిద్దలైతే ఒక సోల. అంటే ఏడుసార్లూ అంబలిలో అయిదు గిద్దల గింజలు పడాల్సిన చోట నాలుగే పడినాయి. యల్లయ్య రాచర్ల మనిషి. ఆయన సోలెడు అని రాస్తే అది గోపురం సోలెడు. చదివింది దుకాణదారు ఇంటి మనిషి. ఇరవై ఏండ్లుగా ఏది ముంచినా ఆమె చెయ్యి దానంతట అదే రాపు రాసేస్తుంది. కన్ను ఆకు మీద ఎంత జాగ్రత్తగా ఉన్నా, చెయ్యి అంగడి చెయ్యి.

"అత్తా! అత్తా! ఇట్ల రా!"

తులసమ్మ పరుగున వచ్చింది, తేలు కుట్టిందేమోనని.

"నేను కాపురానికి వచ్చిన వారానికే నాకు నువ్వు ఏం నేర్పినావు?"

"ఏం నేర్పినా? సోల తల కొట్టడం నేర్పినా. నా అంత సాఫీగా బజారులో ఎవరూ కొట్టలేరు."

"ఆ విద్యే ఏడుసార్లు ముంచింది నన్ను!"

తులసమ్మ సంగతంతా చెప్పించుకుంది. ఆ తర్వాత రంగమ్మ వైపు తిరిగి, "నువ్వు నెలన్నర ముందే రాకూడదా తల్లీ, నా ఇల్లు ఈ వాసన తప్పేది" అంది.

మూడు రోజులు గింజలు నానినాయి. బుధవారం నాడు ఎనిమిదో తెలుపు పూసిన ముక్క ఎండి, గవ్వతో మెరుగు దిద్దుకుని, కోడిగుడ్డు పెంకు మాదిరి మెరిసింది. సీతారత్నం బొటనవేలు తడిపి రుద్దింది. వేలు శుభ్రంగా ఉంది. తులసమ్మ రుద్దింది. జగన్నాథం రుద్దినాడు. మందుల కోసం వచ్చిన ఇద్దరు మనుషులు ఏమిటో తెలియకుండానే రుద్దినారు. ఎవరి వేలికీ అంటలేదు! నోటుబుక్కు మొదటి పేజీలో మొదటి వాక్యం ఆ మధ్యాహ్నమే పడింది. "సోలెడు అనగా గోపురముతో."

ఉగాదికి వారం ముందు కొనకనమిట్ల బస్సు దిగి, మంటపంలో వాహనం మోకాలి దగ్గర రాలిన చోట ఆమె తెలుపు పూసింది. మూడోనాడు లక్ష్మీనరసయ్య వచ్చి వేలితో రుద్దినాడు, గోటితో గీరినాడు. అనుమానం తీరక చెంబుడు నీళ్ళు తెప్పించి మోకాలి మీద కుమ్మరించినాడు. నీళ్ళు జారి సోడా మూట మీద పడినాయి. తెలుపు కదల్లేదు.

"అబ్బా!" అన్నాడాయన. ఆయన నోట ఆ మాట విన్నవాళ్ళు ఊర్లో అంతకు ముందు ఎవరూ లేరట.

అక్కడి నుంచి ఆమె చేతికి పట్టపగ్గాలు లేవు. చైత్రంలో పచ్చ సాధించింది. హనుమంతుడి ఒంటి పచ్చ హరిదళం పసుపులో నీలిమందు కలిపి, వెలగబంకతో నూరితే వస్తుంది. హరిదళం విషం. యల్లయ్యే ఆకు మీద "చేయి కడుగుకొనక భుజింపరాదు" అని రాసినాడు. అది విని తులసమ్మ, "ఆ ముసలాయన నీకంటే బుద్ధిమంతుడు" అని వేరే రోలు, వేరే నీళ్ళకుండ, వేరే గుడ్డ పెట్టించి, కోడలు చేతులు మూడుసార్లు కడిగేదాకా వంటింటి గడప తొక్కనివ్వలేదు. గుగ్గిలం, అవిసెనూనె కాచి చేసే పైపూత రెండోసారికే కుదిరింది. ఉడుత తోక వెంట్రుకలతో కుంచెలు ఆమే కట్టుకుంది. వాహనం మీద నలభైమూడు చోట్ల రాలిన పెచ్చులను పూడ్చింది. యల్లయ్య పూసిన రంగు ఎక్కడ ఆగిందో, ఆమె రంగు ఎక్కడ మొదలైందో, పట్టపగలు దగ్గర నిలబడి చూసినా తెలియదు.

ఎరుపు మాత్రం చిక్కలేదు. హనుమంతుడి పెదవులు, నడుముగుడ్డ యల్లయ్య ఎరుపు. అక్కడ రాలిన చోట్ల తెలుపు పూసి వదిలేసింది. ఆ ఎరుపు రాసిన ఆకు చెదలు తిన్న నాలుగింటిలో ఒకటి. "లక్కను" అని ఒక మాట, "నానవేసి" అని ఒక మాట. మిగతాది మట్టి.

ఉత్సవానికి రెండు రోజుల ముందు లక్ష్మీనరసయ్య అన్నాడు. "ఇంగిలీకం ఉంది కదమ్మా మీ దుకాణంలో. అదీ ఎరుపే. పూసెయ్యి."

"పూస్తే ఎర్రగానే ఉంటది పెద్దనాయనా. కానీ పక్కనే యల్లయ్య ఎరుపు కూడా ఉంది. రెండూ పక్కపక్కన కూర్చుంటే, ఒక నోట్లో రెండు తాంబూలాలు వేసుకున్నట్టు ఉంటది స్వామికి."

ఆయనకు నవ్వు వచ్చింది, కోపమూ వచ్చింది. ఉత్సవంలో వాహనం పచ్చగా, కండ్లు పండ్లు తెల్లగా మెరుస్తూ ఊరేగింది. జనం నోరు తెరిచి చూసినారు. అయితే ఊరంతా అడిగిన మాట కూడా ఒకటే, పెదవులకు రంగు మరిచిపోయినారా అని. తెల్లారి మంటపంలో లక్ష్మీనరసయ్య ఖండితంగా చెప్పినాడు. "సగం పాత, సగం కొత్త దేవుణ్ణి ఇంకోసారి నేను ఊరేగించను. వచ్చే వైశాఖానికి ఎరుపు నిండాల. నిండకపోతే, ఎంత బాగున్నా సరే, మొత్తం గీకించి డబ్బారంగే." సోడా మూట అక్కడే ఉంది.

ఇంటికి వచ్చినాక సీతారత్నం అనుకుంది. యల్లయ్య కూడా ఎవరి దగ్గరో నేర్చుకుని ఉంటాడు. అదే రాత ఇంకెవరి కట్టలోనో ఉండకపోదు. తన కట్ట మొదటి మూడు ఆకుల్లోని మొదటి వాక్యాలు నకలు రాసి, తాటాకు గ్రంథాలు ఎక్కడెక్కడ దాచినారో కనుక్కుని, తొమ్మిది ఊళ్ళకు ఉత్తరాలు వేసింది. అయిదో తరగతి చదివిన మనిషి! ఆరు చోట్ల నుంచి జవాబు రాలేదు. రెండు చోట్ల లేదన్నారు. డిసెంబరులో మద్రాసులోని గ్రంథాలయం నుంచి కవరు వచ్చింది. మీరు రాసిన వాక్యాలతో మొదలయ్యే కట్ట ఒకటి ఇక్కడ ఉంది, బయటికి ఇవ్వము, వచ్చి నకలు రాసుకోవచ్చును అని.

ఆమె ఆ ఉత్తరాన్ని దుకాణంలోకి పట్టుకుని వచ్చి గట్టిగా రెండుసార్లు చదివింది. జగన్నాథం త్రాసు వదిలేసి లేచి నిలబడినాడు.

"నేను దుకాణం వదిలి రాలేను. తోడు ఎవరు?"

"ఇంకెవరు?" వెనక నుంచి తులసమ్మ. "మా తమ్ముడు కరుణాకరం ఉండేది మద్రాసులోనే కదా. నేనే తీసుకుపోతా. ఈ పిల్లను ఒంటరిగా పంపితే అక్కడ ఎవరి సోలతో ఏం కొలిచి వస్తుందో!"

యాభైయెనిమిది జనవరి ఇరవై ఏడు, సోమవారం నాడు అత్తాకోడళ్ళు మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో రైలెక్కినారు. తులసమ్మ చేతిలో మడినీళ్ళ చెంబు, సీతారత్నం చేతిలో నోటుబుక్కు, పలక, పలకబలపాలు. బెజవాడలో బండి మారి మద్రాసు.

మొన్న కార్డు వచ్చింది. జగన్నాథం దాన్ని బస్సులో కొనకనమిట్ల తీసుకుపోయి లక్ష్మీనరసయ్యకు చదివి వినిపించినాడు.

"ఎరుపు దొరికింది. ఇక్కడి కట్టలో పదకొండో ఆకు, చెక్కు చెదరలేదు. లక్క నానబెట్టేది నీళ్ళలో కాదు, లొద్దుగ చెక్క కషాయంలో. కషాయం మానెడు అని ఉంది. ఈ కట్ట రాసినాయన ఏ ఊరి మనిషో, ఆయన మానిక ఎంతదో చివరి ఆకులో ఉంటదని వెతుకుతున్నా. అది తెలియకుండా రాను, తెలుసుకునే ఇరవై రెండో తేదీ బండికి వస్తా. అత్త ఇక్కడ కూడా అందరికీ తల కొట్టడం నేర్పుతా ఉంది. చెక్కముక్కలు సిద్ధం చేసి పెట్టండి."

లక్ష్మీనరసయ్య కార్డు రెండోసారి చదివించుకున్నాడు. తర్వాత మంటపంలోకి పోయి, ఏడాదిగా వాహనం కాళ్ళ దగ్గరున్న సోడా మూటను కాలితో ఒక మూలకు నెట్టినాడు. బయట పారేయించలేదు. "ఎరుపు చూసినాక పారేయిస్తా" అన్నాడు. అంటూనే, చెట్ల మీది మంచి లక్క రెండు వీసెలు ఏరించి పెట్టమని రాచర్లలో రంగమ్మకు కబురు పంపినాడు.

గంపెడు చెక్కముక్కలు పలకల ఫ్యాక్టరీ నుంచి వచ్చేసినాయి. జగన్నాథం వాటిని తనే తుడిచి వసారాలో వరుసగా పేర్చినాడు. సీతారత్నం తిరిగి వచ్చేది ఫిబ్రవరి ఇరవై రెండు, శనివారం, పగటి బండికి.